పాతకారు వ్యాధి - దీపముల భాష



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణమును ఛందస్సును చెప్పి కాలము గడపినవానికి మోటారు ఇంజనుతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని పింఛను పుచ్చుకొనువాని యింట పాతకారొకటి యున్నచో అది యజమానికే పాఠములు చెప్ప నారంభించును. అట్టి పాఠమొకటి నేను ధనము వెచ్చించి నేర్చుకొంటిని. అది మీకు వ్యయము లేకుండ లభింపవలెనని యీ ప్రసంగము చేయుచున్నాను.

మా నివాసము సుల్తాన్ బజారు. మా కారు 2013వ సంవత్సరము చివర కొన్నది. మూడు సిలిండర్లు గల చిన్న పెట్రోలుబండి. గడచిన వర్షకాలమున నొక సాయంకాలము మా అక్కయ్యను రైలెక్కించుటకు నాంపల్లి స్టేషనునకు తీసికొనిపోవుచుంటిని. అబిడ్స్ లోని పెద్ద తపాలా కార్యాలయము చేరునప్పటికి బండి చలిజ్వరము వచ్చినట్లు వణకసాగెను. ఎదుటి పలకమీద ఇంజను ఆకారము గల పసుపుపచ్చ దీపము మినుకుమినుకుమనుచుండెను. మలుపు తిరుగునప్పుడు కొమ్ముచెంబు వంటి బొమ్మ గల ఎఱ్ఱదీపము రెండుమారులు తళుక్కుమని మాయమయ్యెను. అక్కయ్య నావైపు తిరిగి, "ఒరే తమ్ముడూ, ఇది నన్ను స్టేషనుకు చేరుస్తుందా, నేనే దీన్ని తొయ్యాలా?" అని యడిగెను. నేను పౌరుషమునకు పోయి బండిని గట్టిగా తొక్కితిని. ఆమెకు రైలు దొరకినది. నేనును అదే బండిలో, అదే త్రోవను, ఆ దీపములతోనే యింటికి మరలితిని.

ఆనాడు నేను పసుపుదీపమును జూచి భయపడితిని, ఎఱ్ఱదీపమును లెక్కచేయనైతిని. భయపడవలసిన వరుస తలక్రిందుగా నుండెనని నాకు మఱునాడుగాని తెలియలేదు. ఆ సంగతి తెలియవలెనన్న, ముందుగా ఇంజను ఏల తడబడునో, దీపము లేమి చెప్పునో కొంత తెలిసికొనవలెను.

పెట్రోలు ఇంజనులోని ప్రతి సిలిండరును నాలుగు పనులు వరుసగా చేయును. గాలిని పెట్రోలును లోనికి పీల్చును, వానిని అదిమి పట్టును, నిప్పురవ్వతో వెలిగించును, మిగిలిన పొగను వెలికి త్రోయును. ఈ నాలుగింటిలో మూడవది మాత్రమే మనకు బలమిచ్చునది. నాలుగు పనులును పూర్తియగుటకు ఇరుసు రెండు చుట్లు తిరుగును. బండి నిలిచియుండగా ఇరుసు నిమిషమునకు 900 చుట్లు తిరుగుచున్న దనుకొందము. అప్పు డొక్కొక్క సిలిండరు నిమిషమునకు 450 మారులు మండవలెను. మూడును కలిసి 1350 మారులు. వీనిలో నొకటి మండుట మానినచో మూడు దెబ్బలకు నొక దెబ్బ లోపించును. పద్యము చదువుచుండగా నొక గణము జారిపోయినచో, అర్థము తెలియకముందే చెవికి ఆ కుంటు తగులును గదా! ఇంజను తడబాటును అట్టి గణభంగమే. చేతికి స్టీరింగునందును, వీపునకు సీటునందును అది తెలియును.

సిలిండరు మండుటకు మూడు విషయములు కుదురవలెను. మొదటిది, తగిన పాళ్లలో గాలియు పెట్రోలును. బరువునుబట్టి యొకపాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి యుండవలెను. రెండవది, ఆ మిశ్రమము వెలికి జారిపోకుండ నదిమిపట్టు నొత్తిడి. మూడవది, సరియైన క్షణమున నిప్పురవ్వ. ఈ రవ్వకొఱకు కాయిలు అను భాగము బ్యాటరీయందలి 12 వోల్టుల విద్యుత్తును ఇరువదివేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్గునకు పంపును. ప్లగ్గుకొనయందు సుమారొక మిల్లీమీటరు సందుండును. ఆ సందును దాటునప్పుడు రవ్వ పుట్టును. వైద్యుడు వాతపిత్తకఫములలో నేది ప్రకోపించినదని విచారించినట్లు, బండి బాగుచేయువాడు ఈ మూడింటిలో నేది తప్పినదని విచారింపవలెను. విచారింపక ముందే యిది ప్లగ్గుదోషమని నిశ్చయించువాడు వైద్యుడు కాడు, మందుల వర్తకుడు.

ఇక దీపముల సంగతి. వానికి రంగే మొదటి భాష. ఎఱుపు అపాయమునకు గుఱుతు, బండి నాపవలెను. పసుపు లోపమునకు గుఱుతు, త్వరలో చూపింపవలెను. ఆకుపచ్చయు నీలమును ఫలానా పని జరుగుచున్నదని తెలుపుటకు మాత్రమే. ఎఱ్ఱదీపములలో కొమ్ముచెంబు బొమ్మ ఇంజను నూనె యొత్తిడిని గూర్చినది. నీటిలో నిలిపిన ఉష్ణమాపకము బొమ్మ ఇంజను వేడిని గూర్చినది. వలయములో నాశ్చర్యార్థకము గలది బ్రేకులను గూర్చినది. బ్యాటరీ బొమ్మ వెలిగినప్పుడు బ్యాటరీ చచ్చినదని తలచి క్రొత్తది కొనువారు పెక్కురు. ఆ దీపము చెప్పునది వేఱు: బ్యాటరీకి ఛార్జింగు అందుటలేదని. ఇంజను ఆగియుండగా మంచి బ్యాటరీయందు సుమారు 12.6 వోల్టులుండును, ఇంజను నడచుచుండగా 13.5 మొదలు 14.5 వఱకు చూపవలెను. చూపనిచో ఆల్టర్నేటరునో, దానిని త్రిప్పు బెల్టునో చూడవలెను. కొన్ని బండ్లలో ఆ బెల్టే నీళ్ల పంపును గూడ త్రిప్పును. అది తెగినచో వెంటనే ఇంజను కాగిపోవును.

ఇంజను బొమ్మ గల పసుపుదీపము రెండు విధముల పలుకును. నిలుకడగా వెలిగినచో, లోపమొకటి నా లెక్కలో వ్రాసికొన్నాను, తీరికచేసికొని చదివింపుమని యర్థము. మినుకుమినుకుమన్నచో, మండని పెట్రోలు పొగగొట్టములోనికి పోవుచున్నదని యర్థము. అచట పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరు అను భాగమున్నది. ప్లాటినము, పల్లేడియము, రోడియము వంటి విలువగల లోహములు దానిలో పూయబడియుండును. మండని పెట్రోలు అందులో మండి దానిని మాడ్చివేయును. కావున దీపము మినుకుచున్నప్పుడు కాలు సడలించి, మెల్లగా ప్రక్కకు తీసి యాపుటయే కర్తవ్యము. నావలె గట్టిగా తొక్కరాదు.

ఒక సిలిండరు మండలేదని దీపమునకెట్లు తెలియును? ప్రతి దెబ్బకును ఇరుసు రవంత వేగము పుంజుకొనును. దెబ్బ తప్పినప్పుడు రవంత వెనుకబడును. ఇరుసుచెంత నున్న సెన్సారొకటి యీ హెచ్చుతగ్గులను లెక్కించి చిన్న కంప్యూటరునకు తెలుపుచుండును. తడబాటు మితిమీరినప్పుడు ఆ కంప్యూటరు దీపము వెలిగించి, సంకేతమొకటి వ్రాసిపెట్టును. పి 0301 అన్న మొదటి సిలిండరు, పి 0302 అన్న రెండవది, పి 0303 అన్న మూడవది. పి 0300 అన్న ఫలానాదని చెప్పరాకుండ పలు సిలిండర్లలో తడబాటున్నదని. ఈ యేర్పాటు అమెరికాలో 1996 మొదలు అన్ని కార్లకు విధిగా వచ్చినది. మన దేశమున 2010 ఏప్రిల్ నుండి దాని మొదటి మెట్టును, 2013 ఏప్రిల్ నుండి రెండవ మెట్టును అమలులోనికి వచ్చినవి. స్టీరింగు క్రింద పదునాఱు రంధ్రముల గూడొకటి యుండును. అందు స్కానరు తగిలించినచో సంకేతమును, ఆ తప్పు జరిగిన క్షణమున బండి యెంత వేగమున, ఎంత వేడితో నుండెనో ఆ వివరమును తెలియును.

ఇట్టి సౌకర్యముండగా నిక కష్టమేమని మీరడుగవచ్చును. నా కథ వినుడు.

ఆ సాయంకాలమునకు నాలుగు నెలల ముందే, వేసవిలో, బండి మొదటిమారు తడబడినది. ఒక వర్క్ షాపునకు తీసికొనిపోతిని. దాని పేరుతో మనకు పనిలేదు. వారు స్కానరు పెట్టి పి 0302 అని చదివి, మూడు ప్లగ్గులును, రెండవ సిలిండరు కాయిలును మార్చిరి. బండి చక్కగా నడచెను. వర్షములు మొదలైన కొలదిదినములకు మఱల అదే దీపము, అదే సంకేతము. ఈమారు పెట్రోలు చిమ్ము ఇంజెక్టరును మార్చిరి. తడబాటు పోలేదు. అక్కయ్యను రైలెక్కించిన మఱునాటి యుదయము వారినే యడుగగా, ఇంజను విప్పవలెను, లేదా యీ వయసు బండిని అమ్ముకొనుట మేలు అనిరి. అప్పటికే నా నెల పింఛనులో సగముపైగా ఖర్చయినది. ఇంజను విప్పుటకు వారు చెప్పిన మొత్తము రెండునెలల పింఛను. అమ్మివేయుదమనియే తలచితిని.

అప్పుడు మా పొరుగువారు నాంపల్లి గల్లీలో చిన్న షెడ్డు పెట్టుకొన్న యొక ఉస్తాదును గూర్చి చెప్పిరి. మన నగరమున చేతిపని తెలిసిన మేస్త్రీని ఉస్తాద్ అని పిలుచుట వాడుక గదా. ఎట్లో బండిని మెల్లగా అచటికి చేర్చితిని. ఆయన బానెట్టు తెఱవలేదు, స్కానరు తీయలేదు. ముందుగా నన్ను ప్రశ్నించెను. "మాస్టర్ సాబ్, ఎప్పుడు తడబడుతది? పొద్దుగాల చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? వాన పడ్డనాడు ఎక్కువైతదా?" నాకు తెలిసినంత చెప్పితిని. నేను తెచ్చిన బిల్లులన్నియు చూచి నవ్వి, "బత్తి జాగ చూపిస్తది. దొంగను చూపియ్యదు" అనెను. పి 0302 అనగా రెండవ సిలిండరున తప్పు జరిగినదని మాత్రమే. తప్పు చేసినది ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, ఒత్తిడి జారుటయా యని ఆ సంకేతము చెప్పలేదు. చెప్పినట్లు వారు భావించిరి, నేనును నమ్మితిని.

పిమ్మట ఆయన చేసిన పరీక్ష చూచి నేను నిర్విణ్ణుడనైతిని. ఇంజను ఆపి, రెండవ సిలిండరు కాయిలును తీసి మొదటిదానికి, మొదటిదాని కాయిలును రెండవదానికి మార్చి తొడిగెను. పాత సంకేతమును తుడిచివేసి బండి నడపెను. కొంతసేపటికి దీపము వెలిగెను. స్కానరు పి 0301 అని చూపెను. అనగా కాయిలు ఎచటికి పోయిన, దోషమును అచటికే పోయెను. కాయిలు విడిచిన చోటును దోషమును విడిచెను. తర్కశాస్త్రమున దీనినే అన్వయవ్యతిరేకములందురు. ఏది యున్నచో కార్యముండునో, ఏది లేనిచో కార్యము లేకుండునో, అది కారణము. ఈ సూత్రమును గురుముఖమున చదువుకొని, మఱల పిల్లలకు చెప్పిన నేను ఒక్క పైసా ఖర్చులేని యీ పరీక్షను అడుగనైతిని. భాగములు కొనుటయే పరీక్ష యనుకొంటిని.

"అట్లయిన క్రొత్త కాయిలు కొందము" అని నేను సంతోషముతో నంటిని. ఆయన తల యడ్డముగా నూపెను. "కొత్త కాయిల్ నాలుగు నెలలకే ఎట్ల చచ్చింది? అది అడగరా మీరు?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. చచ్చినవాడు దొరకినంత మాత్రమున చంపినవాడు దొరకినట్లు కాదు గదా. ఆయన టార్చి తీసి రెండవ ప్లగ్గు దిగబడియున్న బావివంటి గుంటలోనికి వెలుగు చూపెను. అడుగున నల్లని నూనె నిలిచియున్నది. కాయిలు క్రింది రబ్బరుగొట్టము ఆ నూనెలో నాని, ఉబ్బి, మెత్తబడి యుండెను. ఆ రబ్బరు చెడగా విద్యుత్తు ప్లగ్గుకొనకు పోక ప్రక్కకు జారుచున్నది. వర్షపుతేమకు జారుట మఱింత హెచ్చినది. నూనె ఎచటినుండి వచ్చినది? ఇంజను పైమూతక్రింద నూనెను ఆపు రబ్బరు గాస్కెట్టును, ప్లగ్గుబావుల చుట్టునుండు రబ్బరువలయములును పన్నెండేండ్ల వేడికి గట్టిపడి బీటలు వాఱినవి. అదియే మూలకారణము. కాయిలు దానికి బలియైన ప్రాణి. ఎన్ని కాయిలులు మార్చినను ఆ వలయముండగా ప్రతిదియు నాలుగు నెలలకు చచ్చునదియే.

అంతటితో ముగియలేదు. నూనె కాఱుచున్నదని తెలియగానే ఆయన నూనెకొలత కమ్మిని వెలికి తీసెను. దాని కొన పొడిగా నున్నది. "నూనె ఎప్పుడు చూసిన్రు?" అనెను. నేను చూడలేదు. "ఎర్ర బత్తి ఏమన్న వచ్చిందా?" అనెను. అబిడ్స్ మలుపునొద్ద రెండుమారులు తళుక్కుమన్న సంగతి చెప్పితిని. అది పసుపుదీపమునకు తోడుగా వచ్చినదనుకొంటినని గూడ చెప్పితిని. ఆయన చేతిపని యాపి కొంతసేపు మాటాడలేదు. తర్వాత నెమ్మదిగా, "పసుపుది పైసలు అడుగుతది, మాస్టర్ సాబ్. ఎర్రది ఇంజన్నే అడుగుతది" అనెను.

ఈ మాట మీరందఱును గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన. కొమ్ముచెంబు దీపము నూనె యెంతయున్నదో కొలుచునది కాదు. నూనె యొత్తిడిని కొలుచునది. అనగా అది వెలుగునప్పటికే ఇరుసుకీళ్లకు నూనె యందుట తగ్గినదన్నమాట. నూనె తక్కువైనప్పుడు, మలుపున అడుగుపాత్రలోని నూనె ఒకప్రక్కకు ఒరిగిపోవును, పంపు నూనెకు బదులు గాలిని పీల్చును, దీపము తళుక్కుమనును. బండి తిన్నగా నడువగానే నూనె సర్దుకొనును, దీపమాఱును, మనమును మఱతుము. లోహము లోహమును ఒరయుటకు గడియలు పట్టవు, క్షణములు చాలును. నేను బండిని గట్టిగా తొక్కిన ఆ కొలదిపాటి త్రోవలో ఇంజను పట్టివేయవలసినది. రద్దీగా నున్న వీధినడుమ, అక్కయ్య ప్రక్కన నుండగా, అది జరిగియుండిన నేమయ్యెడిది! నా వివేకముచేత కాదు, అదృష్టముచేత తప్పినది.

ఉస్తాదు రెండు లీటర్లకు కొంచెము తక్కువ నూనె పోసి, ఇంజను నడపి, చెవియొగ్గి విని, లోపల తట్టుడు శబ్దము లేదని చెప్పెను. మూడు సిలిండర్ల యొత్తిడిని కొలిచి చూపెను; మూడును సమముగా నుండెను. గాస్కెట్టును వలయములును మార్చి, బావిని శుభ్రపఱచి, ఉబ్బిన కాయిలునకు మాఱుగా క్రొత్తది వేసెను. ఆయన తీసికొన్న మొత్తము నేను అంతకుముందు ఖర్చుపెట్టినదానిలో నాలుగవవంతు లేదు. బండిని అమ్మలేదు. కన్వర్టరును బ్రదికినది.

ఈ యనుభవమునుండి నేను గ్రహించిన క్రమమును చెప్పెదను. తడబాటు వచ్చినప్పుడు ముందుగా ఎప్పుడెప్పుడు వచ్చుచున్నదో కాగితముమీద వ్రాసికొనుడు: చల్లగా నున్నప్పుడో, వేడెక్కినప్పుడో, తేమకో, ఎగువ కెక్కునప్పుడో. రెండవది, సంకేతమును చదివించి, తుడుపకముందే వ్రాయించుకొనుడు. మూడవది, కంటితోడను చెవితోడను చూచునవి చూడుడు: ఎలుక కొఱికిన తీగ, ఊడిన గొట్టము, బుస్సుమని గాలి పీల్చు చప్పుడు, మూసికొనిపోయిన గాలివడపోత. నాలుగవది, ప్లగ్గును తీయించి రంగు చూడుడు. లేత గోధుమరంగు ఆరోగ్యము. పొడి మసి యున్న పెట్రోలు ఎక్కువైనది. తడి నలుపైన నూనె చేరినది. తెల్లబాఱిన వేడి మితిమీరినది, లేదా పెట్రోలు చాలలేదు. అయిదవది, కొనకముందు మార్చి చూడుడు: కాయిలు, పిమ్మట ప్లగ్గు. దోషము వెంట నడచినదే దోషి. వీనిలో నేదియు నడువనిచో ఇంజెక్టరును, ఒత్తిడిని పరీక్షింపవలెను. ఒత్తిడి తక్కువగా నున్న సిలిండరులో చెంచెడు నూనె పోసి మఱల కొలిచినప్పుడు అది పెరిగినచో పిస్టను రింగులు అరిగినవని, పెరుగనిచో వాల్వులయందో పైగాస్కెట్టునందో లోపమున్నదని ఊహింపవచ్చును. ఇంజను విప్పుట చివరి మాట. మొదటి మాట కాదు.

అంబాసిడరు, ప్రీమియరు పద్మిని వంటి వెనుకటి బండ్లను నేటికిని ప్రేమతో కాపాడుకొనువారు కొందఱున్నారు. పద్మిని తయారీ ముందుగాను, అంబాసిడరు తయారీ 2014లోను ఆగినవి. ఆ పాతబండ్లలో పెక్కింట కంప్యూటరు లేదు, అయినను సూత్రమొక్కటే. అనుభవము గల మేస్త్రీ బండి నడచుచుండగా ప్లగ్గుతీగల నొక్కొక్కటిగా తొలగించి చూచును. ఏ తీగ తీసినప్పుడు వణకు హెచ్చునో ఆ సిలిండరు పనిచేయుచున్నట్లు. ఏది తీసినను భేదము లేదో అదియే మండనిది. వేలకొలది వోల్టుల విద్యుత్తుతోడి పని గనుక ఇది తెలియనివారు చేయదగినది కాదు. కంప్యూటరు గల బండ్లలో ఈ విధమున అసలే చేయరాదు.

ఇంకొక చిన్నమాట. తాళము త్రిప్పినతోడనే, ఇంజను కదలకముందు, హెచ్చరిక దీపములన్నియు నొక్కమారు వెలుగవలెను. ఇంజను నడువగానే ఆఱిపోవలెను. వెలుగనిది యున్నచో ఆ దీపమే చెడినదనియో, ఎవరో తీసివేసిరనియో అనుమానింపవలెను. పాతబండి కొనువారికి ఖర్చులేని పరీక్ష యిది. దీపము వెలుగలేదని సంతసించువాడు, వెలుగగల దీపమున్నదా యని ముందు విచారింపవలెను.

ఇప్పుడు ప్రతి యాదివారము ఉదయము, బండి చల్లగా నుండగా, సమతలమున నిలిపి నూనెకమ్మి తీసి చూచుచున్నాను. ఆ తర్వాతనే అబిడ్స్ పేవుమెంటుమీది పాతపుస్తకముల కొఱకు బయలుదేరుచున్నాను. మొన్న అక్కయ్య మఱల వచ్చి, బండియెక్కి కూర్చుండగానే, ఎదుటి పలకవైపు వ్రేలుచూపి, "ఎర్రది ఏమైనా ఉందేమో చూశావా?" అని యడిగెను. చూచితినని చెప్పి బండి కదలించితిని.